ముందు చక్రాల దగ్గర టక్ టక్: లింక్ రాడ్‌లు మార్చినా పోవట్లేదు (చెన్నై)

మడిపాక్కం_మేడమీద:
అందరికీ నమస్కారం. నాది ఏడేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 68 వేల కి.మీ. తిరిగింది. ముందు ఎడమ వైపు నుంచి టక్‌మని చప్పుడు. హైవే మీద ఏమీ ఉండదు. మడిపాక్కం, కీళ్కట్టలై వైపు మెట్రో పనులకని తవ్వి పూడ్చిన చోట 15–20 స్పీడులో వెళ్తుంటే మొదలవుతుంది. పాదాల కింద ఎవరో సుత్తితో తట్టినట్టు తెలుస్తోంది.

వీధి చివర షెడ్డులో చూపిస్తే లింక్ రాడ్‌లు (కారు పక్కకి ఊగకుండా ఆపే అడ్డ కడ్డీని చక్రాల వైపు కలిపే చిన్న రాడ్లు) పోయాయని చెప్పి రెండు వైపులా మార్చాడు. చప్పుడు రవ్వంత కూడా తగ్గలేదు. తర్వాత ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కారుని లిఫ్ట్ ఎక్కించి, చక్రాలు అటూ ఇటూ ఊపి, ముందు షాకబ్జర్లు రెండూ, స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకి అందించే భాగం) మొత్తం మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. అంకె చూసి నోట మాట రాలేదు. "మారిస్తే కచ్చితంగా పోతుందా?" అని అడిగితే "మార్చి చూద్దాం సార్" అన్నారు. చూసేది వాళ్లు, డబ్బులు నావి.

సంక్రాంతికి అమ్మానాన్నలతో నెల్లూరు వెళ్లాలి. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

గ్రీజుచేతులు:
ఎస్టిమేట్ కాగితం డాష్‌బోర్డులో పడేయండి, దాని సంగతి తర్వాత. ఆ చప్పుడు ఎప్పుడు వస్తోందో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు రావట్లేదో ముందు తేల్చుకోవాలి. పైసా ఖర్చు లేని పరీక్షలు చెబుతాను, చేసి రాయండి.

రోడ్డు వెడల్పంతా ఉన్న స్పీడ్ బ్రేకర్ మీదికి నెమ్మదిగా, ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కేలా తిన్నగా వెళ్లండి. తర్వాత అదే బ్రేకర్‌ని ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఇంకొకటి ఎక్కేలా దాటండి. రెండూ కలిసి లేస్తే స్టెబిలైజర్ బార్ (ఆ లింక్ రాడ్‌లు పట్టుకునే అడ్డ కడ్డీ) మెలి తిరగదు, దాని మీద పెద్దగా బలం పడదు. ఒకటి లేచి ఒకటి కిందే ఉంటేనే మెలి తిరుగుతుంది. కాబట్టి తిన్నగా వెళ్తే చప్పుడు లేక, ఏటవాలుగా వెళ్తే ఉంటే బార్, దాని లింకులు, దాని బుష్‌ల (పట్టి ఉంచే రబ్బరు ముక్కలు) మీద అనుమానం. రెండు రకాలుగానూ కొడుతుంటే షాకబ్జరు, దాని పై మౌంటింగ్, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే చెయ్యి) బుష్‌ల వైపు చూడాలి.

ఇంకోటి. చప్పుడు వచ్చే రోడ్డు మీదే బ్రేక్ పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి వెళ్లండి. కారు ఆగేంత కాదు, ప్యాడ్లు డిస్కుకి తగిలేంత. చప్పుడు పోయిందంటే సస్పెన్షన్‌కి సంబంధమే లేదు, క్యాలిపర్‌లో, అంటే డిస్కుని నొక్కే బిగింపులో, ప్యాడ్లు ఆడుతున్నాయి.

రాక్ సంగతి: ఇంజిన్ ఆన్ చేసి, కారు నిలబెట్టే, స్టీరింగ్‌ని కుడికీ ఎడమకీ రెండు అంగుళాల మేర చకచకా ఊపండి. టక్ అనకపోతే రాక్‌కి అప్పుడే ఉరిశిక్ష వేయక్కర్లేదు.

తడ_దాటితే_ఊరే:
పరీక్షలు సరే. కానీ బాల్ జాయింట్ (చక్రాన్ని లోయర్ ఆర్మ్‌కి కలిపే కీలు), టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ రాక్‌ని చక్రానికి కలిపే కీలు) చూపించకుండా మాత్రం హైవే ఎక్కకండి బ్రదర్, అందులోనూ పెద్దవాళ్లతో. లింక్ రాడ్ పోతే చప్పుడు, మలుపుల్లో కాస్త ఊగడం, అంతే. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకి మడుచుకుపోతుంది, ఆ తర్వాత స్టీరింగ్ పట్టుకుని కూర్చోవడం తప్ప చేసేదేమీ ఉండదు. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆడితే బాల్ జాయింటో, వీల్ బేరింగో. రెండు పక్కలా పట్టుకుని ఊపితే ఆడితే టై రాడ్ ఎండ్ లేదా రాక్ ఎండ్. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు. స్టాండులు లేకపోతే పిట్ (కారు కింద మనిషి నిలబడే గొయ్యి) ఉన్న షెడ్డుకి పోండి.

పుదుపేట_ఫ్యాన్:
అన్నా, దీనికి ఇంత సీన్ అవసరం లేదు. వీధి షెడ్డువాడు డూప్లికేట్ లింకులు వేసుంటాడు, అంతే. మంచి కంపెనీవి తెచ్చి వేయించు, రెండూ కలిపి రూ. 2,000 లోపే అయిపోతుంది.

ఓఎంఆర్_గుంతలు:
షోళింగనల్లూరు నుంచి సిరుసేరి దాకా ఒకసారి రండి. మీ కారులో లేని చప్పుళ్లు కూడా వినిపిస్తాయి 😄

సెకండ్‌హ్యాండ్_సుఖం:
అందరూ కారు కిందే వెతుకుతున్నారు. ముందు బానెట్ తెరిచి చూడండి సార్. నా పాత కారులో ఇలాగే గుంత పడినప్పుడల్లా టక్కుమనేది. షాకబ్జర్లన్నారు, లోయర్ ఆర్మ్ అన్నారు. తీరా చూస్తే బ్యాటరీ మార్చినవాడు క్లాంప్ బిగించలేదు. ఎగిరిన ప్రతిసారీ బ్యాటరీ ట్రేని కొడుతోంది. చేత్తో ఊపితే తెలిసిపోయేది, ఎవరూ ఊపలేదు. వాషర్ నీళ్ల డబ్బా, కింద ప్లాస్టిక్ షీల్డు, నంబర్ ప్లేటు, డిక్కీలో జాకీ, స్టెప్నీ బోల్టు కూడా చూడండి. పది నిమిషాల పని.

మడిపాక్కం_మేడమీద:
అందరికీ థ్యాంక్స్. చేసినవి రాస్తున్నాను.

బ్యాటరీ, నీళ్ల డబ్బా, కింద షీల్డు అన్నీ గట్టిగానే ఉన్నాయి. డిక్కీ ఖాళీ చేశాను, తేడా లేదు.

మా అపార్ట్‌మెంట్ బయట బ్రేకర్ మీద తిన్నగా వెళ్తే ఏమీ లేదు. ఏటవాలుగా వెళ్తే టక్, మళ్లీ దిగేటప్పుడు టక్. మా బావమరిది వంగి, చక్రం పక్కన చెవి పెట్టి నడుస్తూ వచ్చాడు. వాచ్‌మన్ టైరు పంక్చరనుకుని పంపు తెచ్చాడు. బావమరిది ఎడమవైపే అంటాడు, లోపల కూర్చున్న మా ఆవిడకి కుడివైపు నుంచి వినిపిస్తోందట.

స్టీరింగ్ ఊపితే చప్పుడు లేదు.

బ్రేక్ ఆనించి వెళ్తే మాత్రం విచిత్రంగా ఉంది. చప్పుడు తగ్గింది. పోలేదు, తగ్గింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

పుదుపేట_ఫ్యాన్:
చెప్పానా? ఏటవాలుగా వస్తోందంటే లింకే.

సెకండ్‌హ్యాండ్_సుఖం:
తగ్గింది కానీ పోలేదు అంటే ఒకటే చప్పుడు అని ఎందుకనుకోవాలి? రెండు ఉండొచ్చుగా. చిన్న చిన్న గతుకుల మీద వచ్చేది, గుంతలో వచ్చేది ఒకేలా ఉన్నాయా? జాగ్రత్తగా వినండి. బ్రేక్ ప్యాడ్లు ఈమధ్య ఏమైనా మార్చారా?

మడిపాక్కం_మేడమీద:
దీపావళి ముందు బయట షెడ్డులో మార్పించాను మేడమ్. మీరు అడిగాక మళ్లీ వెళ్లి విన్నాను. నిజమే. గతుకు సిమెంటు రోడ్డు మీద టకటకటక అని సన్నగా, రేకు మోగినట్టు ఒకటి. గుంతలో దిగినప్పుడు టక్‌మని బరువుగా, పాదాలకి తెలిసేది ఇంకొకటి. బ్రేక్ ఆనిస్తే మొదటిది పూర్తిగా పోతోంది. రెండోది అలాగే ఉంది.

గ్రీజుచేతులు:
శభాష్ మేడమ్. సన్నది ప్యాడ్లదే. ప్యాడ్లకి రెండు చివరలా సన్నటి స్టీలు క్లిప్పులు ఉంటాయి, అవి ప్యాడ్‌ని బ్రాకెట్‌లో కదలకుండా నొక్కి పట్టుకుంటాయి. ప్యాడ్లు మార్చేటప్పుడు పాతవి తుప్పు పట్టాయని తీసి పారేసి, కొత్తవి వేయకుండా వదిలేసేవాళ్లు బోలెడుమంది. బ్రేకులు బాగానే పడతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దాన్ని ఇక్కడితో పక్కన పెట్టండి, అది చివర్లో చూసుకోవచ్చు.

ఇక బరువు చప్పుడు. సర్వీస్ సెంటర్‌లో రెండు స్తంభాల లిఫ్ట్ మీద చూశారా, పిట్‌లో చూశారా?

మడిపాక్కం_మేడమీద:
లిఫ్ట్ మీదే. నాలుగు చక్రాలూ గాల్లో వేలాడుతున్నాయి.

గ్రీజుచేతులు:
అందుకే ఏమీ దొరకలేదు. చక్రాలు వేలాడుతున్నప్పుడు స్ప్రింగ్ చాచుకుపోతుంది, లోయర్ ఆర్మ్ కిందికి దిగుతుంది, లింకులు, బార్ ఒకవైపుకి లాగి పట్టి ఉంటాయి. ఉన్న ప్లే (వదులు) కాస్తా ఆ లాగుడులో దాక్కుంటుంది. మీరు నడిపేటప్పుడు కారు బరువు చక్రాల మీద ఉంటుంది, అప్పుడే ఆ వదులు బయటపడుతుంది. లింకులు, బార్ బుష్‌లు చూడాలంటే కారు నేల మీద నిలబడి ఉండాలి, మనిషి పిట్‌లో ఉండాలి. పైన ఒకరు కారుని పక్కలకి ఊపుతుంటే కింద ఉన్నవాడు ఒక్కో జాయింట్ మీద చెయ్యి వేసి చూడాలి. చెవికన్నా వేలికే బాగా తెలుస్తుంది. ఎడమా కుడీ గొడవ కూడా అప్పుడే తేలుతుంది. ఇనుములో చప్పుడు ఈ చివర పుట్టి ఆ చివర వినిపిస్తుంది, మీ బావమరిదీ మీ ఆవిడా ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు.

బాల్ జాయింట్‌కి మాత్రం చక్రం లేపి చూడాల్సిందే. ఏ పరీక్ష దేనికో తెలియకుండా అన్నీ లిఫ్ట్ మీదే చూసేస్తే వచ్చేది ఇలాంటి ఎస్టిమేట్లే.

డ్రాయింగ్‌బోర్డ్:
షాకబ్జర్ల మీద ఒక మాట. మన చిన్న కార్లన్నిటికీ దాదాపు ముందు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 1940లలో జనరల్ మోటార్స్‌లో ఒక చిన్న కారు ప్రాజెక్టు మీద పనిచేస్తూ దీనికి రూపం ఇచ్చాడు, తర్వాత ఫోర్డ్‌కి మారాడు. దాని గొప్పతనం ఏమిటంటే పైన ఉండాల్సిన ఆర్మ్‌నే ఎత్తేశాడు. షాకబ్జరే చక్రాన్ని నిటారుగా నిలబెడుతుంది, స్టీరింగ్ తిప్పితే తనూ తిరుగుతుంది. అందుకే దాని నెత్తిన ఒక రబ్బరు మౌంటింగ్, ఒక బేరింగ్ ఉంటాయి. అవి పాడైతే కారు ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పినా స్ప్రింగ్ బిగుసుకుని ఒక్కసారిగా టంగుమని వదులుతుంది. బానెట్ తెరిచి మౌంటింగ్ మీద చెయ్యి పెట్టి, ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమనండి. వేలికి గెంతు తెలియకపోతే అక్కడ బాగానే ఉన్నట్టు. షాకబ్జరుకి నూనె కారడం లేదు, హైవేలో కారు పడవ ఊగినట్టు ఊగడం లేదు అంటే రెండూ మార్చమనడానికి నాకైతే కారణం కనిపించట్లేదు.

మడిపాక్కం_మేడమీద:
స్టీరింగ్ తిప్పి చూశాం, మౌంటింగ్ దగ్గర గెంతు లేదు. నూనె కారిన జాడ లేదు.

నిన్న పుదుపేట దగ్గర పిట్ ఉన్న ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. పెద్దాయన. కారు దిగకముందే "ఎంద పక్కం సత్తం?" (ఏ వైపు చప్పుడు?) అని అడిగారు. చెప్పాను. పిట్‌లోకి దిగి, నన్ను కారు ఊపమన్నారు. లింకులు బాగున్నాయట, కొత్తవే కదా. చక్రం లేపి బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు టామీ (ఇనుప కడ్డీ) పెట్టి ఎత్తి చూశారు. అవీ బాగున్నాయి. లోయర్ ఆర్మ్ వెనక బుష్‌కి పగులు ఉంది కానీ పైపైనే అన్నారు.

తర్వాత రెండు లింకులూ విప్పేసి, బార్ చివరలు యాక్సిల్‌కి తగలకుండా వైరుతో కట్టి, ఆ వీధిలోనే మెల్లగా ఒక చుట్టు తిప్పి రమ్మన్నారు. బరువు చప్పుడు మాయం! సన్నది మాత్రం అలాగే ఉంది.

పుదుపేట_ఫ్యాన్:
లింకులు విప్పితే పోయిందంటే ఇంకేం కావాలి? లింకులే. డూప్లికేట్. కేసు క్లోజ్.

డ్రాయింగ్‌బోర్డ్:
క్లోజ్ కాదు గురూ. లింకులు విప్పితే లింకుల మీదే కాదు, బార్ మీద కూడా బలం పోతుంది. బార్‌ని సబ్‌ఫ్రేమ్‌కి (ఇంజిన్ కింద ఉండే ఇనుప చట్రం) పట్టి ఉంచే రెండు డి-బుష్‌ల మీద కూడా పోతుంది. ఆ పరీక్ష చెప్పేది ఒక్కటే: దొంగ ఈ ఇంట్లోనే ఉన్నాడు. ఏ గదిలో అన్నది చెప్పదు. లింకుల మీద చెయ్యి వేసి చూశారు, అక్కడ లేడు. మిగిలింది డి-బుష్‌లు.

గ్రీజుచేతులు:
అదే. చాలా చిన్న కార్లలో ఆ బుష్‌లు సబ్‌ఫ్రేమ్ మీద, రాక్ వెనక ఇరుకులో ఉంటాయి. కింద నుంచి సరిగ్గా కనిపించవు, స్పానర్ పట్టదు. సబ్‌ఫ్రేమ్ కాస్త దించితే గానీ బోల్టు రాదు. రబ్బరు ముక్క చవక, లేబర్ ఎక్కువ, అందుకని ఎవరూ వాటి పేరెత్తరు. ముందు లింకులు, అవి కాకపోతే షాకబ్జర్లు, అవీ కాకపోతే రాక్.

చేయించేటప్పుడు పెద్దాయనకి ఇవి గుర్తు చేయండి, ఆయనకి తెలిసే ఉంటాయి. సబ్‌ఫ్రేమ్ దించేముందు అది కూర్చున్న చోట పెయింటుతో గుర్తు పెట్టాలి, మళ్లీ అదే గీత మీదికి రావాలి. స్టీరింగ్ తిన్నగా పెట్టి లాక్ చేయాలి. కాలమ్ జాయింట్ విప్పాక స్టీరింగ్ గిర్రున తిరిగితే ఎయిర్‌బ్యాగ్ వైరు చుట్ట తెగుతుంది. రబ్బరుకి మామూలు గ్రీజు పూయొద్దు, ఉబ్బిపోతుంది. సిలికాన్ గ్రీజు గానీ, ఊరికే సబ్బు నీళ్లు గానీ చాలు.

తడ_దాటితే_ఊరే:
బుష్ కొనేటప్పుడు బార్ మందం కొలిపించండి. ఒకే మోడల్‌లో డీజిల్‌కి ఒకటి, పెట్రోల్‌కి ఒకటి ఉండొచ్చు. ఒక్క మి.మీ. తేడా ఉన్నా మళ్లీ ఇదే చప్పుడు. కారు పేరు చెప్తే షాపువాడు చేతికి దొరికింది ఇచ్చేస్తాడు. పుదుపేట పాత సామానుకి సరే, ఇలాంటి రబ్బరుకి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్తదే కొనండి.

మడిపాక్కం_మేడమీద:
పని అయింది. డి-బుష్‌లే!

సబ్‌ఫ్రేమ్ దించాక పెద్దాయన నన్ను పిట్‌లోకి పిలిచి చూపించారు. బార్ మీద ఎడమ బుష్ కూర్చునే చోట పెయింటంతా పోయి, ఇనుము తళతళలాడుతోంది. ఆ మెరుపుకి రెండు పక్కలా తుప్పు. బుష్ రంధ్రం గుండ్రంగా లేదు, పొడుగ్గా సాగిపోయింది. చేత్తో బార్ ఎత్తి వదిలితే టక్. కారులో విన్న చప్పుడు అదే, అచ్చంగా అదే. కుడి బుష్ కాస్త నయం, రెండూ మార్చేశాం.

బార్‌ని వెర్నియర్‌తో కొలిచి, ఆ అంకె పట్టుకుని జనరల్ ప్యాటర్స్ రోడ్డుకి వెళ్లాను. మొదటి షాపులో ఇచ్చింది లావు బార్‌ది. "అడ్జస్ట్ అయిపోతుంది" అన్నాడు. రెండో షాపులో సరైనది దొరికింది. బార్ మీద తుప్పుని గరుకు కాగితంతో నున్నగా రుద్ది, సబ్బు నీళ్లు పూసి ఎక్కించారు. బుష్ చీలిక ఏవైపు ఉండాలో పాతదాన్ని చూసి అలాగే పెట్టారు.

బ్రేకుల దగ్గర మేడమ్ అనుమానం, గ్రీజుచేతులు అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఎడమ చక్రానికి క్లిప్పులు అసలు లేవు. కుడివైపు ఒకటి ఉంది, అదీ వంకర. కొత్త సెట్టు వేసి, క్యాలిపర్ పిన్నులకి వాటి గ్రీజు పెట్టారు.

రాత్రి కీళ్కట్టలై రోడ్డు మీదే వచ్చాను. ఎసి మోత తప్ప ఏమీ లేదు. మొత్తం ఖర్చు, లేబరుతో సహా, ఆ ఎస్టిమేట్‌లో ఒక్క షాకబ్జరు ధర కూడా కాలేదు.

సెకండ్‌హ్యాండ్_సుఖం:
బాగుంది 👏 క్లిప్పులు పారేసిన షెడ్డుకి మళ్లీ వెళ్లకండి. బ్రేకుల దగ్గర ఇంకేం పారేస్తారో.

పుదుపేట_ఫ్యాన్:
సరే, బుష్‌లే. కానీ ఆ లింకులు మాత్రం డూప్లికేటే, ఏడాది తిరక్కుండా మళ్లీ ఇక్కడికే వస్తారు, చూడండి.

గ్రీజుచేతులు:
సబ్‌ఫ్రేమ్ కదిలింది కాబట్టి నెల్లూరు వెళ్లేముందు అలైన్‌మెంట్ చూపించండి. లింకులు మారిస్తే అక్కర్లేదు, దీనికి కావాలి. తిరిగొచ్చాక సబ్‌ఫ్రేమ్ బోల్టులు ఒకసారి టార్క్ రెంచ్‌తో చూపించండి. లోయర్ ఆర్మ్ వెనక బుష్ పగులు ఇప్పటికి పర్లేదు, ఆరు నెలల తర్వాత చూడండి. దాన్ని మార్చేరోజు ఒక్కటి గుర్తుంచుకోండి: దాని బోల్టు ఆఖరి బిగింపు కారు నేల మీద ఉండగానే చేయాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలిపడి ఉంటుంది, తొందరగా చిరిగిపోతుంది.

మడిపాక్కం_మేడమీద:
అలైన్‌మెంట్ ఇవాళే చేయించాను అన్నా, టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కాస్త బయటికి ఉంటే సరిచేశారు. స్టీరింగ్ తిన్నగా ఉంది.

వేళచ్చేరి_వరద:
ఇదే టాపిక్‌లో నాదీ ఒకటి అడగొచ్చా? నా కారు ఆటోమేటిక్. మొన్నటి వానల్లో మోకాలి లోతు నీళ్లలో వెళ్లింది. అప్పట్నుంచి రివర్స్ నుంచి డ్రైవ్‌కి మార్చినప్పుడు ఒక్కసారి ధబ్ అంటోంది. గుంతల్లో ఏమీ లేదు. నేనూ డి-బుష్‌లు మార్పించనా?

గ్రీజుచేతులు:
మీరు డి-బుష్‌ల జోలికి పోకండి. గుంతల్లో లేకుండా గేరు మార్చినప్పుడే వస్తే ముందు ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంట్లు చూడాలి. నీళ్లలో దిగింది కాబట్టి యాక్సిల్ బూట్లు చిరిగాయా, గేర్ ఆయిల్‌లో నీళ్లు కలిశాయా అన్నది కూడా. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే కారు ఇంకొక్క కి.మీ. కూడా నడపొద్దు. మోడల్, ఎన్ని కి.మీ. తిరిగింది అన్నీ రాసి కొత్త టాపిక్ పెట్టండి, అక్కడ చూద్దాం.